గుట్ట నుంచి చెరువు దాకా: ఊరి నేల ఎలా మారుతున్నదో ఏడాది పాటు కొలిచే పద్ధతి

ఈ పని మొదలుపెట్టడానికి మే నెల రెండో సగం తగిన కాలం. అప్పటికి చెరువు ఎండి ఉంటుంది, వాగులో ఇసుక తేలి ఉంటుంది, గుట్ట మీద గడ్డి మాడిపోయి బండ బయటపడి ఉంటుంది. తొలకరికి ముందు నేల ఏ స్థితిలో ఉందో ఒకసారి రాసిపెట్టుకుంటే, వానాకాలం గడిచాక అది ఎంత మారిందో పోల్చి చూడవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో చాలా ఊళ్లకు ఒక గుట్ట, దాని కింద చెలకలు, చెలకల మధ్య నుంచి ఒక ఒర్రె, ఆ నీళ్లు చేరే చెరువో కుంటో ఉంటాయి. రాయి పగలడం, మన్నుగా మారడం, ఆ మన్ను కొట్టుకుపోవడం, మళ్లీ ఒకచోట పేరుకోవడం అనే నాలుగు పనులూ ఈ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలోనే జరిగిపోతాయి. భూగోళం పాఠంలో అగ్నిపర్వతాల బొమ్మలూ మంచునదుల బొమ్మలూ చూసిన పిల్లలు, తమ ఊరి గుట్టను మాత్రం ఎప్పటికీ మారనిదిగా భావిస్తారు. ఆ మార్పును టేపుతోనూ సీసాతోనూ కొలవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

కావలసిన సామాను ఎక్కువేమీ లేదు. ఒక గట్టి అట్ట నోటుపుస్తకం, మీటరు టేపు, పది మీటర్ల తాడు, లీటరు ప్లాస్టిక్ సీసాలు నాలుగైదు, ఒక అయస్కాంతం, కొంచెం వెనిగర్ లేదా నిమ్మరసం, అడుగు పొడవున కోసిన సన్నని ఇనుప చువ్వలు పదకొండు, వాటిలో పదింటికి పట్టే వాషర్లు పది, ఒక చిన్న డబ్బా రంగు ఉంటే చాలు. ఫొటోలకు ఫోను ఎలాగూ ఉంటుంది. అయితే ప్రతిసారీ అదే చోట నిలబడి, అదే దిక్కుకు తిరిగి తీసిన ఫొటోలే పోలికకు పనికివస్తాయి కనుక, నిలబడిన చోట బండ మీద రంగుతో ఒక చుక్క పెట్టుకోవాలి.

గుట్ట మీద చూడవలసినవి

మన గుట్టల్లో ఎక్కువభాగం గ్రానైటు, దానికి దగ్గరి చుట్టమైన నైసు. వీటి వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇవి భూమి లోపల కిలోమీటర్ల లోతున, పైనున్న రాతి బరువు కింద గడ్డకట్టినవి. ఆ పైభారం యుగాల తరబడి అరిగిపోయాక, లోపలి రాయి మీద ఒత్తిడి తగ్గి, ఉపరితలానికి సమాంతరంగా ఉల్లిపొరల్లా పగుళ్లు తీసింది. భువనగిరి కోట నిలిచిన ఏకశిలను దూరం నుంచి చూస్తే ఆ గుండ్రని వీపు ఇలా పొరలూడి ఏర్పడినదేనని తెలుస్తుంది. మీ ఊరి బండ మీద దీనిని పరీక్షించడానికి పిడికెడు గులకరాయి తీసుకుని అక్కడక్కడ తట్టి వినండి. గట్టిగా అతుక్కుని ఉన్నచోట ‘టంగు’మని మోగుతుంది, పొర విడిచినచోట ఖాళీ కుండను తట్టినట్లు బోలుగా వినిపిస్తుంది. బోలుగా పలికిన మేరకు రంగుతో గీత గీసి, పొర అంచు దగ్గర పగులు వెడల్పు మిల్లీమీటర్లలో రాసుకోండి.

పగటి ఎండకు రాయి ఉబ్బి, రాత్రి చలికి కుంచించుకుని పగులుతుందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పేస్తాయి. విషయం అంత సులువు కాదు. 1936లో డేవిడ్ గ్రిగ్స్ అనే అమెరికా శాస్త్రవేత్త గ్రానైటు ముక్కను ప్రయోగశాలలో 89,400 సార్లు వేడిచేసి చల్లార్చాడు. అంటే 244 ఏళ్ల పగళ్లూ రాత్రులూ. పొడి గాలిలో రాయికి కంటికి కనిపించే మార్పేదీ రాలేదు, నీళ్లు చల్లి చల్లార్చినప్పుడు మాత్రం త్వరలోనే మెరుపు తగ్గి పగుళ్లు కనిపించాయి. ఆ తర్వాతి పరిశోధనల్లో, అప్పటికే పొర విడిచిన బండ ఎండకు రోజూ కాస్త పైకి లేచి మళ్లీ దిగుతుందని, ఆ ఊగిసలాటే పగులును పెంచుతుందని కూడా తేలింది. కాబట్టి మీ నోటుపుస్తకంలో ‘ఎండ’ అని మాత్రమే రాయకుండా, బండ మీద నీరు ఎక్కడ నిలుస్తున్నదో, ఏ చారల వెంట జారుతున్నదో కూడా రాయాలి. ఆ నల్లని చారలు నీరు జారే దారిలో పెరిగే నాచువంటి సూక్ష్మజీవులవి. నీలగిరి అన్న పాత పేరు పోయి నల్లగొండ అన్న పేరు నిలిచిన ఊరిలో ఈ నలుపును ఎవరైనా ఒకసారి దగ్గరగా చూడవలసిందే.

గుట్ట నెత్తిమీద వాననీరు నిలిచే దొనలు ఉంటాయి. వీటిలో నీళ్లు ఎండిన ప్రతిసారీ అడుగున ముతక ఇసుక మిగులుతుంది. నిలిచిన నీరు రాతిలోని ఒక ఖనిజమైన ఫెల్‌స్పార్‌ను మెత్తబరచగా, దాని మధ్య ఇరుక్కుని ఉన్న పలుగురాయి రేణువులు ఊడి అడుగున చేరతాయి. దొన పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఆ ఇసుకను కొంత కాగితం పొట్లంలో కట్టండి. కింద వాగులో దొరికే ఇసుకతో పోల్చడానికి అది అవసరమవుతుంది.

ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు నిలిచిన గుండ్లను గురించి ఊళ్లలో భీముడి కథలు చెబుతారు. కథ అలా ఉండనిచ్చి, గుండ్ల మూలలను గమనించండి. నేల లోపల ఉన్నప్పుడే రాతి పగుళ్ల వెంట నీరు దిగి, మూడు వైపుల నుంచి తాకిడి ఉన్న మూలలు ముందుగా కుళ్లిపోతాయి, నడిమి భాగం గుండ్రంగా మిగులుతుంది. చుట్టూ ఉన్న మెత్తని మొరాన్ని తర్వాతి కాలపు వానలు తీసుకుపోగా గుండ్లు ఎక్కడివక్కడే బయటపడ్డాయి. రోడ్డు కోసం తవ్విన గోడలోనో, మొరం తీసిన గుంటలోనో, ఇంకా బయటపడని గుండ్లు మొరంలో కూరుకుని ఉండటం చూడవచ్చు. ఈ ఒక్క దృశ్యం చూపిస్తే పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

అక్కడి మొరాన్ని గుప్పెడు తీసుకుని వేళ్ల మధ్య నలపండి. తెల్లగా, పిండిలా రాలేది ఫెల్‌స్పార్. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులిసిన వాననీరు దానిని బంకమన్నుగా మార్చుతున్నది. నలగకుండా గరగరలాడేది పలుగురాయి. గోధుమరంగులో మెరిసే రేకులు అభ్రకానివి; వాటిలోని ఇనుము తుప్పుపట్టడం వల్లనే చెలకకు ఆ ఎరుపు. ఇదే రాయి కరగడంలో మన జిల్లాకు తగిలిన శాపం కూడా ఉంది. ఇక్కడి గ్రానైటు ఖనిజాలలో ఫ్లోరిన్ ఎక్కువ. భూగర్భజలం ఆ రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచి, సున్నం గులకల రూపంలో కాల్షియాన్ని వదిలేసి, ఫ్లోరైడును తనలో ఉంచుకుంటుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. నల్లగొండ పల్లెల్లో ఎన్నో బోర్లు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. పంట పండే మన్నును, ఎముకలు వంచిన నీటిని చేసినది ఒకే రసాయన క్రియ.

గుట్టలను అడ్డంగా కోస్తూ గీత గీసినట్లు నల్లరాళ్ల వరుస కనిపిస్తే అది డోలరైటు డైకు. పాత రాతి పగులులోకి కింద నుంచి ఎగదన్నిన ద్రవం గడ్డకట్టినది. దాని దిక్కును రాసుకుని, దానికి ఇరువైపులా ఉన్న బావుల నీటి మట్టాలను రైతులను అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల డైకు భూమి లోపల కట్టలా నిలిచి, ఒకవైపు నీటిని ఆపుతుంది.

చెలకలో చువ్వలు

బోడ బండ అరిగే వేగం మనిషి ఆయుష్షుకు అందదు. ప్రపంచంలోని పలు పొడి ప్రాంతాలలో గ్రానైటు బండల మీద జరిగిన కొలతలు, పది లక్షల ఏళ్లకు కొన్ని మీటర్లని చెబుతున్నాయి. అంటే వెంట్రుక మందం అరగడానికి పదేళ్లకు పైగా పడుతుంది. చెలక మన్ను కథ వేరు. ఒక్క గట్టి వానకే మిల్లీమీటరు పోయే నేలలు ఉన్నాయి. అందుకే ఈ మొత్తం పనిలో చువ్వల కొలతకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వాలుకు అడ్డంగా ఒక వరుస, వాలు వెంట ఒక వరుస వచ్చేట్లు పది చోట్లు ఎంచుకోండి. దున్నని గట్టు, బీడు, మేకలు నడిచే బాట, చెట్టు నీడ వంటి వేరువేరు చోట్లు అందులో ఉండాలి; దున్నే భూమిలో పెడితే మొదటి దుక్కికే చువ్వ పోతుంది, రైతుతో మాట పడవలసి వస్తుంది. చువ్వకు వాషరు తొడిగి, ఐదు సెంటీమీటర్లు పైకి మిగిలేట్లు దిగగొట్టి, వాషరు నేలకు ఆనేట్లు ఉంచండి. చువ్వ కొన నుంచి వాషరు దాకా ఎత్తును మిల్లీమీటర్లలో రాయండి. ప్రతి పెద్ద వాన తర్వాత మళ్లీ కొలిస్తే, మన్ను పోయినచోట వాషరు కిందికి దిగి ఎత్తు పెరుగుతుంది, మన్ను చేరినచోట వాషరు పూడుతుంది. పశువుల కాళ్లు తగలకుండా చువ్వ చుట్టూ రాళ్లు పేరుస్తామని కొందరు అంటారు. అలా చేస్తే నీటి దారి మారిపోయి కొలతే తప్పవుతుంది. చువ్వ కొనకు ఎర్ర గుడ్డ కట్టి, ఆ దారిన పోయే కాపరులకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

వచ్చిన అంకెకు అర్థం చెప్పడానికి ఒక లెక్క ఉంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద ఒక మిల్లీమీటరు మన్ను పోతే నాలుగు ఘనమీటర్లు. ఘనమీటరు మన్ను ఒకటిన్నర టన్ను తూగుతుందనుకుంటే ఆరు టన్నులు. కంటికి ఆనని మిల్లీమీటరుకు రెండు ట్రాక్టర్ల మన్ను వెళ్లిపోయిందన్నమాట.

వాన చినుకు మన్నును ఎలా లేపుతుందో చూడాలంటే, బోడ నేల మీద ఒక తెల్ల అట్టను నిలువుగా పాతి, వాన వెలిశాక దాని మీద ఎర్రని చిందులు ఎంత ఎత్తుకు పడ్డాయో కొలవండి. పెద్ద చినుకు నేలను తాకే వేగం సెకనుకు తొమ్మిది మీటర్ల దాకా ఉంటుంది. అలాంటిదే మరొక అట్టను గడ్డి ఉన్నచోట పాతి పోల్చితే తేడా మాటల్లో చెప్పనవసరం లేదు. వాన మర్నాడు నేలకు దగ్గరగా వంగి చూస్తే, చిన్న గులకలు మట్టి పీటల మీద కూర్చున్నట్లు కనిపిస్తాయి. గులక గొడుగులా కాపాడిన మన్ను నిలిచి, చుట్టుపక్కల మన్ను పోయింది; ఆ పీట ఎత్తే పోయిన మన్ను లోతు.

ఒర్రె మొదలు ఎక్కడున్నదో చూసి, దాని నుంచి రెండు మీటర్ల ఎగువన ఒక చువ్వ దిగగొట్టండి. ఒర్రె కిందికి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు; అది తన నెత్తిని తానే తొలుచుకుంటూ ఎగువకు పాకుతుంది. ఏడాది చివర చువ్వకూ ఒర్రె అంచుకూ మధ్య దూరం ఎంత తగ్గిందో చూస్తే ఆ సంగతి బోధపడుతుంది.

గాలి పని ఇక్కడ తక్కువ. ఎండాకాలపు సుడిగాలులు దుబ్బను లేపి పక్క చేలో వేస్తాయి, అంతకు మించి రాయదగినది ఉండదు.

వాగు నీళ్లు, సీసా

వాగు పారుతున్నప్పుడు లోపలికి దిగరాదు. మన వాగులు ఎగువన ఎక్కడో పడిన వానకు ఉన్నట్టుండి పొంగుతాయి. కర్రకు సీసా కట్టి ఒడ్డు నుంచే నీళ్లు తీసుకోవాలి, పిల్లలను ఒంటరిగా పంపరాదు. పొంగే వేళ ఒక సీసా, తీసే వేళ ఒక సీసా, మర్నాడు ఒక సీసా పట్టి, వాటి మీద తేదీ, గంట రాసి, కదపకుండా పెట్టండి. నిమిషం లోపే ఇసుక అడుగుకు చేరుతుంది. ఆ పైన సన్నని ఒండ్రు దిగడానికి గంటలు పడుతుంది. బంకమన్ను రేణువులు రోజుల తరబడి నీటిని ఎర్రగానే ఉంచుతాయి. పూర్వం చిల్లగింజ అరగదీసి కడవలో వేసి నీటిని తేర్చినది ఆ చివరి రేణువుల కోసమే. పొరల మందం కొలిచాక, తేటనీరు వంచి, అడుగు మన్నును ఎండబెట్టి తూచండి.

ఉదాహరణకు లీటరుకు ఐదు గ్రాములు వచ్చిందనుకుందాం. వాగు నాలుగు మీటర్ల వెడల్పున, అర మీటరు లోతున పారింది. ఒక ఎండుటాకు పది మీటర్లు పోవడానికి పది సెకన్లు పట్టింది. పైనీటి వేగం కన్నా మొత్తం నీటి వేగం కాస్త తక్కువ కనుక 0.85తో హెచ్చవేస్తే, సెకనుకు 1.7 ఘనమీటర్ల నీరు, అందులో ఎనిమిదిన్నర కిలోల మన్ను. గంటకు ముప్ఫై టన్నులు. లోతును వరద తగ్గాక, ఒడ్డు చెట్లకు పట్టిన చెత్త గీతను చూసి కొలవవచ్చు.

వంపు దగ్గర బయటి ఒడ్డు కోసుకుపోవడం, లోపలి ఒడ్డున ఇసుక మేటవేయడం ఫొటోలలో పట్టుకోండి. అయస్కాంతాన్ని పాలిథీన్ సంచిలో పెట్టి ఇసుకలో తిప్పితే నల్లని రేణువులు అంటుకుంటాయి. అది మాగ్నెటైటు, గ్రానైటులోనూ డోలరైటులోనూ ఉన్నదే. గుట్ట దొనలో కట్టిన పొట్లం విప్పి వాగు ఇసుకతో పోల్చితే, దొన ఇసుక రేణువుల మొనలు పదునుగానూ, వాగు ఇసుకలో కాస్త అరిగిపోయినట్లుగానూ కనిపిస్తాయి. ఒక హెచ్చరిక: ఇసుక ట్రాక్టర్లు తిరిగే వాగులో ఈ కొలతలకు అర్థం ఉండదు. ప్రకృతి ఒక వానాకాలంలో వేసిన మేటను రెండు రాత్రుల్లో ఎత్తేస్తే, మీరు కొలిచేది గొయ్యి లోతే అవుతుంది. అలాంటిచోట ఆ సంగతినే రాసి, వేరే వంపు చూసుకోవాలి.

చెరువు అడుగున పుస్తకం

ఎండిన చెరువులో, కట్టకు కొంచెం దూరంగా, తూముకు పక్కగా మోకాలి లోతు గుంట తవ్వండి. గోడను కత్తితో నున్నగా చెక్కి, నీళ్లు చల్లి, ఆరుతుండగా చూస్తే పొరలు విడివిడిగా తేలుతాయి. ముతక పొర పెద్ద వరదది, దాని మీది నున్నని నల్ల పొర ఆ నీరు నిలిచి తేరుకున్నప్పటిది. చెరువు నిండి మత్తడి దుంకిన ఏడాది ఏదో ఊరి పెద్దలకు గుర్తుంటుంది. ఏ ముతక పొర ఏ ఏటిదో వారితో కూర్చుని పోల్చవచ్చు.

పూడిక వేగాన్ని లెక్కగట్టడానికి మనకొక సదుపాయం ఉంది. మిషన్ కాకతీయ పథకం కింద 2015 నుంచి వేల చెరువుల పూడిక తీశారు, రైతులు ఆ మట్టిని చెలకలకు తోలుకున్నారు. మీ చెరువులో ఏ ఏడు, ఎక్కడి దాకా తీశారో తెలిస్తే, యంత్రం పళ్ల గాట్లు పడిన పాత గట్టి అడుగు మీద ఆనాటి నుంచి పేరుకున్నదే కొత్త పూడిక. దాని మందాన్ని గడిచిన ఏళ్లతో భాగిస్తే ఏడాది సగటు వస్తుంది. గుట్ట కింది చెలక నుంచి చువ్వల దగ్గర పోయిన మన్నూ, ఇక్కడ చేరిన మన్నూ ఎంతవరకు సరితూగుతాయో చూడటంలోనే ఈ పని రుచి ఉంది. అవి ఎన్నడూ సరిగ్గా సరిపోవు. కొంత గట్ల దగ్గర ఆగుతుంది, బంకమన్ను చాలావరకు మత్తడి మీదుగా కింది చెరువుకు, అక్కడి నుంచి డిండికో మూసీకో, చివరకు కృష్ణకు పోతుంది.

ఊరు దాటి చూడవలసినవి

మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి వైపు, మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు వెళితే నేల మారిపోతుంది. అక్కడి బూడిదరంగు పలక మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. సున్నపురాయి అది, సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలసినది అందుకే. గ్రానైటు మీద అదే చుక్క కదలక నిలుస్తుంది. ఆ ప్రాంతంలోనే 2020 జనవరి 26 తెల్లవారుజామున 4.6 తీవ్రతతో భూమి కంపించింది. దక్కను పీఠభూమి గట్టి నేల అన్నది నిజమే కాని, లోపలి శక్తులు దానిని పూర్తిగా విడిచిపెట్టలేదు. కంపం తెలిసినప్పుడు సమయం, ఎన్ని సెకన్లు, ఏ వస్తువులు కదిలాయి అన్నవి వెంటనే రాసుకోవాలి, మర్నాటికి జ్ఞాపకం పెరిగిపోతుంది.

దక్షిణాన అమ్రాబాద్ దాటి నల్లమలలోకి వెళితే గుండ్రని గుట్టలు పోయి, బల్లపరుపు నెత్తులూ నిటారు అంచులూ వస్తాయి. అది క్వార్ట్‌జైటు, గట్టిపడిన పాత ఇసుక. వయస్సు వంద కోట్ల ఏళ్లకు పైబడినది. ఆ పరుపుబండలను కోసుకుంటూనే కృష్ణ లోతైన లోయలో పారుతున్నది. పులుల అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతించిన దారులు దాటరాదు, రాయి ముక్క కూడా తేరాదు. అక్కడి పలకల మీద కొన్నిచోట్ల అలల గీతలు ఉంటాయి, లోతులేని నీటి అడుగున ఇసుక మీద పడిన గీతలవి. వెళ్లే ముందు మీ వాగు ఇసుక మీది గీతలను ఒకసారి పరిశీలించండి: నీరు వచ్చే వైపు వాలు నిదానంగా, పోయే వైపు నిటారుగా ఉంటుంది, రెండు శిఖరాల మధ్య దూరం టేపుకు అందుతుంది. నల్లమల బండ మీద కూడా అదే టేపు పెట్టి, అదే వాలు చూసి, ఆనాటి నీరు ఏ దిక్కుకు పారిందో నిర్ణయించి, ఆ అంకెలను వాగు అంకెల పక్క పేజీలో రాయండి.